బాగున్న రోజుల సంగతి చెప్పమ్మా

రాత్రి రెండున్నర. వీధి కుక్కలు ఒక్కసారిగా మొరుగుతున్నాయి. గేటు ముందు బండి ఆగిన చప్పుడు.

నువ్వు భూపాలపల్లిలో ఉన్నావు, సింగరేణి క్వార్టర్లో. మీ ఆయన నైట్ షిఫ్టుకు పోయాడు. షిఫ్టు దిగి, బొగ్గు కడుక్కుని ఇల్లు చేరేసరికి తెల్లారి ఎనిమిదవుతుంది. గనిలోకి ఫోను పోదు. పిల్లలిద్దరూ నీకు చెరో పక్క నిద్రపోతున్నారు. కిటికీ రెక్క కాస్త తీసి చూస్తావు.

తమ్ముడు.

మానుకోట పక్కన మీ తల్లిగారి ఊరు. అక్కణ్నుంచి ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైమాటే. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు మీద, ఈ చీకట్లో, ఒక్కడే బండి మీద వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది. వీడు ఇంత అందగాడని నీకు ఇన్నేళ్లూ తెలియదు.

“అక్కా, లే లే. నీకొక ముచ్చట చెప్పాలె. పొద్దుగాల దాక ఆగేది కాదది.”

తలుపు తీస్తావు. తీయక ఏం చేస్తావు?

వస్తూనే నీ చేతుల్లో ప్లాస్టిక్ కవరు పెడతాడు. నోట్లు. నాయిన ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకున్న పైసలు. చెల్లె పెండ్లి తనే చేస్తాడట. మన మిర్చి తొక్కు అమెరికాకు పంపుతాడట. మేడిగడ్డ దిక్కు భూములు బేరం చేశాడట. ఒక మాట పూర్తి కాకముందే ఇంకో మాట దాని మీదెక్కుతోంది. మధ్యలో పాట పాడుతున్నాడు. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే నీకూ నవ్వొస్తోంది. మొదట భయం కలగదు, ముచ్చటేస్తుంది. పోయిన ఏడాది గోడవైపు తిరిగి పడుకుని అన్నం ముట్టని పిల్లవాడు వీడే కదా!

తాగొచ్చాడేమో. పక్కకు జరిగి వాసన చూస్తావు. లేదు.

“ఎన్ని రోజులైందిరా పండుకోక?”

“ఐదు రోజులు. నిద్రెందుకక్కా? బలం లేనోళ్లకు గదా నిద్ర.”

ఐదు రాత్రులు కన్ను మూయని మనిషి నిలబడలేక కూలబడాలి. వీడు అంత దూరం బండి నడుపుకొచ్చి, ఇప్పుడు నీ వంటింట్లో గిన్నెలు తోముతున్నాడు. నీ కడుపులో ఏదో జారినట్టవుతుంది.

చేతిలో గిన్నె దించి, గొంతు తగ్గించి అంటాడు: “సమ్మక్క తల్లి నాతోని మాట్లాడుతున్నదక్కా. కాళేశ్వరం రమ్మన్నది. గోదారిల నడిచిపోతె నీళ్లు పక్కకు జరుగుతయట. పా, ఇప్పుడే పోదాం.”

బండి తాళం టీవీ మీద ఉంది. నువ్వు చూశావు. వాడూ చూశాడు.

బయట గొళ్లెం పెట్టి వీణ్ని లోపల ఉంచొచ్చు, కానీ లోపల పిల్లలున్నారు. గట్టిగా అరిచి పక్క క్వార్టర్ వాళ్లను లేపొచ్చు. తెల్లారేసరికి కాలనీ అంతా ఒకటే మాట అవుతుంది: వాళ్ల తమ్మునికి పిచ్చి లేసిందట. పోనీ, అమ్మవారు మాట్లాడడమేందిరా అని కసిరితే? ఈ నవ్వు ఎటు తిరుగుతుందో నీకు తెలియదు.

“పోదాం తమ్మీ. బువ్వ తిని పోదాం.”

ఆ మాట నీ నోట ఎలా వచ్చిందో నీకే తెలియదు. పెరుగన్నం కలుపుతావు. తువ్వాల తీసి తాళం మీద పడేస్తావు. రెండు లైట్లలో ఒకటి ఆర్పుతావు. రెండు ముద్దలు తింటాడు. మూడో ముద్ద చేతిలో ఉండగానే చిన్నోడు లేచి ఏడుస్తాడు.

నీకంటే ముందే వాడు లేస్తాడు.

చిన్నోణ్ని భుజానికెత్తుకుంటాడు.

“అల్లుడు గూడ వస్తడు.”

తలుపు తీసే ఉంది. మెట్లు. గేటు. రోడ్డు.

దూరంగా టిప్పర్ లైట్లు.

ఉరకొద్దు. ఉరికితే వాడూ ఉరుకుతాడు.

అరవొద్దు.

నడువు.

లైట్లు పెద్దవవుతున్నాయి. కాళ్ల కింద నేల అదురుతోంది. వాడు రోడ్డు అంచున నిలబడి మేనల్లుడికి లైట్లు చూపిస్తున్నాడు. చిన్నోడు ఏడుపు ఆపాడు.

“తమ్మీ.” గొంతు వణకొద్దు. “వాని కాళ్లకు చెప్పుల్లెవ్వు. ఇటియ్యి. ఏసిస్త.”

చూస్తాడు.

ఇస్తాడు.

టిప్పర్ దాటిపోతుంది. నోట్లో బొగ్గు దుమ్ము. చిన్నోణ్ని లోపల పడుకోబెట్టి, బయటి నుంచి గొళ్లెం పెట్టి, మెట్టు మీద తమ్ముడి పక్కన కూర్చుంటావు. చేతులు అప్పుడు వణుకుతాయి.

వాడు చుక్కలు లెక్కపెడుతుంటే నువ్వు ఫోన్లో ఐదు అంకెలు నొక్కుతావు. 14416. ఆశా కార్యకర్త ఎప్పుడో మీటింగులో చెప్పిన నంబరు. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో. అవతలి గొంతు చెబుతుంది: వాదించొద్దు, ఒంటరిగా వదలొద్దు, బండి తాళం, కత్తులు, చేను మందులు చేతికందకుండా పెట్టు, మీద పడేటట్టుంటే 108కి గాని 112కి గాని చెయ్యి, తెల్లారగానే మానసిక వైద్యుని దగ్గరికి తీసుకుపో. సగం నువ్వు అప్పటికే చేశావు. మిగిలింది తెల్లారడం.

తెల్లవారి మానుకోట నుంచి అమ్మ ఫోను. వాడు ఇంట్లో లేడని ఏడుస్తోంది. నీ దగ్గరే ఉన్నాడంటే ఇంకా గట్టిగా ఏడుస్తుంది.

“గాలి సోకిందే బిడ్డా. మిర్చి కల్లం కాడ రాత్రులు కావలి పండుకున్నడు. అన్నారం దర్గకు తీస్కపోదాం. ఐదు వారాలు నిద్ర చేస్తె నయమైతది.”

పెదనాయిన ఫోను అందుకుంటాడు. “ముందుగాల మంచానికి కట్టేయుండ్రి. ఆయింత అదే దిగుతది.”

దర్గాకు పోవడాన్ని నేను తప్పు పట్టను. ఆ గడప ముందు కూర్చున్న తల్లికి దొరికే ఊరట చిన్నది కాదు. మందు మాని పోతేనే ముప్పు. కట్టేయడం మాత్రం వద్దు, ఎవరు చెప్పినా వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. అందులో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టేసి ఉంచారు. లేచి పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో బంధించకూడదని నిషేధించింది.

మీ ఆయన వస్తాడు. కనురెప్పల అంచున ఇంకా బొగ్గు ఉంది. సంగతి విని కూర్చోకుండానే కారు మాట్లాడడానికి పోతాడు. ఎటు పోవాలి? కంపెనీ దవాఖానలో బామ్మర్దికి పేరుండదు. ప్రభుత్వ వైద్య కళాశాల మానుకోటలో 2022లో వచ్చింది, జనగామలో, ఇక్కడ భూపాలపల్లిలో 2023లో వచ్చాయి. ఇదివరకటిలాగా పిచ్చి అనగానే ఎర్రగడ్డ ఒక్కటే దిక్కు అనుకునే కాలం కాదు. కానీ వీణ్ని నాలుగు రోజులు వార్డులో ఉంచాల్సి వస్తుందని నీకు అర్థమైంది. అమ్మ కూడా బస్సెక్కి చేరుకోగలిగే చోటు కావాలి. వరంగల్ ఎంజీఎం అనుకుంటారు.

“యాడికి? కాళేశ్వరమేనా?” అంటాడు కారు చూసి.

అవునంటే ఎగిరి కూర్చుంటాడు. పరకాల దాటాక సంగతి తెలిసి, నడుస్తున్న కారు తలుపు తీస్తాడు. అబద్ధం ఆడకు.

“డాక్టర్ దగ్గరికి. నీకు నిద్ర లేదు. నాకు భయమైతున్నది తమ్మీ.”

నీ ముఖంలోకి చూస్తాడు. “నీ భయం పోవుటానికి వస్త” అని ఎక్కుతాడు. ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుంటారు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంటాడు.

ఎంజీఎం గేటు దగ్గర అమ్మ కనిపిస్తుంది. కొంగు కింద బట్టల దుకాణం కవరు దాచుకుంది. అందులో పాత చీటీలు. ఓపీ వరుసలో నిలబడి ఒక్కోటీ విప్పుతావు.

మొదటిది ఊళ్లో ఆర్‌ఎంపీ రాసింది. నరాల బలహీనత. బలం సూదులు, రెండు సీసాల గ్లూకోజు.

రెండోది జనగామది, రెండేళ్ల కిందటిది. అందులో రాసింది డిప్రెషన్.

మూడోది ఇంకో ఊరి క్లినిక్‌ది, పోయిన ఏడాదిది. అందులో రాసింది స్కిజోఫ్రీనియా. సగం వాడిన గోలీల పట్టీ దానికి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది.

మనిషి ఒక్కడే. చీటీకో పేరు. ముగ్గురూ చూడకుండానే రాశారా?

జనగామ రోజులు నీకు గుర్తున్నాయి. వాడక్కడ ఎరువుల దుకాణంలో పని చేసేవాడు, స్టేషన్‌కు దగ్గర్లో ఒక గది. నెల నుంచి దుకాణానికి పోవడం లేదని ఓనరు ఫోను చేస్తే నువ్వు పోయావు. గదిలో చీకటి. మురికి బట్టల వాసన. రైలు పోతే గోడ అదురుతోంది, వాడు మాత్రం కదలడు. “అక్కా, ఎందుకొచ్చినవ్” అన్న ఆ రెండు మాటలు చెప్పడానికి ఎంతసేపు పట్టిందో! బరువు తగ్గాడు. తెల్లారుజామున మూడింటికే మెలకువ. నేనొక దండుగ మనిషిని అని ఒకటే మాట. నువ్వే క్లినిక్‌కు తీసుకెళ్లావు. డాక్టర్ శ్రద్ధగానే చూశాడు. రెండు వారాలకు మించి దిగులు, నిద్ర లేదు, ఆకలి లేదు, బతుకు మీద ఆశ లేదు. అది డిప్రెషనే. ఆ గదిలో కనిపించింది అదొక్కటే.

చిక్కంతా అక్కడే ఉంది. తమ్ముణ్ని పట్టుకున్న ఈ జబ్బుకు రెండు ముఖాలు. ఒకటి పాతాళం, ఒకటి ఆకాశం. పాతాళంలో ఉన్నప్పుడు చూస్తే మామూలు డిప్రెషన్‌కూ దీనికీ తేడా పట్టడం చాలా కష్టం. పైగా పాతాళమే ఎక్కువ రోజులుంటుంది. అమెరికాలో కొందరు రోగుల్ని పన్నెండేళ్లకు పైగా వారం వారం లెక్క రాస్తూ చూశారు. ఆకాశంలో గడిపిన వారాలకంటే పాతాళంలో గడిపినవి మూడు రెట్లకు మించి ఉన్నాయి. దవాఖానకు వచ్చేదీ ఆ పాతాళం రోజుల్లోనే. హుషారుగా ఉన్నాను, మందివ్వండి అని ఏ మనిషి పోతాడు? మా పిల్లవాడు బాగా నవ్వుతున్నాడు, చూడండి అని ఏ తల్లి తీసుకొస్తుంది?

జనగామ గోలీలు వేసుకున్నాక మూడు వారాలకు వాడు లేచాడు. లేవడం కాదు, ఎగిరాడు. గదికి సున్నం వేశాడు. దుకాణంలో ముగ్గురి పని ఒక్కడే చేశాడు. అప్పు చేసి పాత ఆటో కొన్నాడు. అమ్మ సంబరపడి కురవి వీరభద్రస్వామికి మొక్కు చెల్లించింది. నువ్వు ఆ డాక్టర్‌కు మనసులోనే దండం పెట్టావు. నయమైందనుకుని మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆరు వారాలకు ఆటో పోయింది, దుకాణం పోయింది, వాడు ఊరికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మూడో చీటీ నాటికి అమ్మవారి మాటలు వినిపిస్తున్నాయి. ఎవరూ లేనిచోట గొంతు వినిపిస్తోందంటే స్కిజోఫ్రీనియా గుర్తుకు రావడం సహజం. ఆ ఆకాశం, అంటే మేనియా, బాగా ముదిరినా అలాంటి గొంతులే వినిపిస్తాయి. ఆ గొంతు ఎప్పుడు వినిపించింది, మనసు పైకెగిరినప్పుడా, మామూలుగా ఉన్నప్పుడూనా అని ఆరా తీస్తే తప్ప రెండూ విడిపడవు. ఆ ఆరాకు సమయం కావాలి. చెప్పే మనిషి కావాలి. ఆ రోజు వెంట పోయింది పెదనాయిన. ఆయన వాణ్ని సంవత్సరానికి రెండుసార్లు పండగలకు చూస్తాడు.

ఇదేమీ మీ ఇంటి ఒక్కదాని దురదృష్టం కాదు. 2000లో అమెరికాలో ఈ జబ్బున్నవాళ్లనే కూర్చోబెట్టి అడిగారు. నూటికి 69 మందికి మొదట వేరే జబ్బు పేరు చెప్పారు. మూడోవంతుకు పైగా జనం అసలు పేరు వినడానికి పదేళ్లో, ఇంకా ఎక్కువో తిరిగారు. మన దేశంలో 2015-16లో నిమ్‌హాన్స్ జాతీయ సర్వే చేస్తే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చినవాళ్లు పెద్దవాళ్లలో దాదాపు రెండు వందల మందికి ఒకరు తేలారు. అంటే రెండు వేల ఓట్లున్న ఊళ్లో పదిమంది. జబ్బుతో ఉన్నవాళ్లలో నూటికి 70 మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. తెలంగాణ అందులో లేదు. మానుకోట తండాల్లో, జనగామ వాడల్లో ఉన్న పదిమంది ఆ లెక్కలోకి రాలేదు.

పేరు పిలిచారు. లోపలికి పోతారు.

చిన్న గది. టేబుల్ అవతల డాక్టరమ్మ. తమ్ముడు కూర్చోకుండానే ఆమె పెన్ను తీసుకుని దాని మీద రెండు నిమిషాలు ఉపన్యాసం ఇస్తాడు. ఆమె వింటుంది. పెన్ను అడగదు, ఇంకో పెన్ను తీసుకుంటుంది. నీకు ఆమె మీద నమ్మకం కలిగింది అప్పుడే.

“తలకు స్కానింగ్ తీయించాల్నా మేడం?” మీ ఆయన అడుగుతాడు. “ఖర్చయినా మంచిదే.”

ఆమె తల అడ్డంగా ఊపుతుంది. ఈ జబ్బు స్కానింగులో కనపడదు. రక్తంలోనూ కనపడదు. రక్తం తీసేది వేరే కారణాలు ఉన్నాయేమో చూడడానికి. థైరాయిడ్ ఎక్కువైనా మనిషి ఇలాగే నిద్ర లేకుండా తిరుగుతాడు. కొన్ని మందులు కూడా ఇలా చేస్తాయి. “ఈ నెలలో ఏమన్న గోలీలు, సూదులు వాడిండా?”

అమ్మ కొంగు ముడి విప్పుతుంది. చిన్న కాగితం పొట్లం. మిర్చి ఏరినన్నాళ్లు ఒళ్లంతా దురద అంటే ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు. డాక్టరమ్మ ఒకటి వెలుతురులో తిప్పి చూస్తుంది. చూపులోనే తెలుస్తోంది, అది ఏమిటో ఆమెకు అనుమానం ఉంది. స్టెరాయిడ్. స్టెరాయిడ్ కొందరిని మేనియాలోకి నెడుతుంది.

ఇప్పుడు ముడి ఇంకా బిగుసుకుంది. నిన్నటి ఈ ఎగురుడు దురద గోలీల వల్ల కావచ్చు. జనగామలో ఆ ఎగురుడు దిగులు గోలీల వల్ల కావచ్చు. దిగులు మందు ఒక్కటే ఇస్తే ఈ జబ్బున్న మనిషి పైకి ఎగిరే ప్రమాదం ఉంది. కానీ ఎగిరింది మందు వల్లనా, లోపల ముందే ఉన్న జబ్బు వల్లనా?

ఆమె తమ్ముడి వైపు కాదు, నీ వైపు తిరుగుతుంది.

“మీరు ఏమైతరమ్మా?”

“అక్కను.”

“బాగలేని రోజుల సంగతి చీటీలల్ల ఉన్నది. బాగున్న రోజుల సంగతి చెప్పమ్మా. ఏ మందూ వాడనప్పుడు, మరీ ఎక్కువ బాగున్న రోజులు. నిద్ర పోకున్నా అలసట లేని రోజులు. కనీసం నాలుగు దినాలు వరుసగా. ఎన్నడన్న ఉన్నయా?”

నీకు ఒక తలుపు గుర్తొస్తుంది.

వాడికి 17 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం. నువ్వు మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఉన్నావు. అర్ధరాత్రి రంగు వాసనకు మెలకువొచ్చింది. చూస్తే, లాంతరు పెట్టుకుని, చొక్కా విప్పేసి వాడు వీధి తలుపుకు నీలం రంగు వేస్తున్నాడు. చేతుల మీద, ఛాతీ మీద, జుట్టులో నీలం. “అక్కా, సప్పుడు చెయ్యకు. పొద్దుగాల ఊరంత చూస్తది” అన్నాడు. మర్నాడు కిటికీలు. ఆ మర్నాడు పక్కింటివాళ్ల గేటు, వాళ్లను అడగకుండానే. సైకిలు ఎవరికో ఇచ్చేశాడు. ఎనిమిది రోజులు. ఇల్లంతా నవ్వుకున్నారు. తర్వాత నెలన్నర పశువుల కొట్టం మూలకు పడుకున్నాడు, పరీక్ష పోయింది. ప్రేమలో పడ్డాడన్నారు. అప్పటికి ఒక్క గోలీ కూడా మింగలేదు.

చెప్పబోతావు. కొంగు లాగినట్టవుతుంది.

అమ్మ.

ఎందుకు లాగుతుందో నీకు తెలుసు. తొర్రూరు నుంచి చెల్లెకు సంబంధం వచ్చింది. వచ్చే నెల మాటలు. ఈ గదిలో అన్నది తొర్రూరు చేరితే? ‘ఎప్పట్నుంచో ఉంది’ అనే మాట ఒక్కటి చాలు, సంబంధం తప్పిపోవడానికి.

డాక్టరమ్మ కొంగు లాగడం చూసింది. “ఈడ చెప్పింది ఈడనే ఉంటదమ్మా. బయట చెప్పొద్దని మాకు చట్టం ఉన్నది” అంటుంది అమ్మతో. ఇంకో ప్రశ్న వేస్తుంది: “మీ ఇంట్ల, నాయిన దిక్కో తల్లి దిక్కో, ఇట్ల ఎవరికన్న ఉండెనా?”

అమ్మ నేల చూస్తుంది. గది బయట ఎవరో పేర్లు పిలుస్తున్నారు. వెనక ఇంకా అరవై మంది ఉన్నారు. ఈమెకు నీకోసం ఉన్నవి కొన్ని నిమిషాలే.

చిన్నాయిన. నాయినకు తమ్ముడు. ఊళ్లో అందరికంటే బాగా పాడేవాడట. రాత్రికి రాత్రే బావి తవ్వుతానని గడ్డపార పట్టుకుని బయలుదేరేవాడట. మళ్లీ నెలల తరబడి ఎవరితోనూ పలికేవాడు కాదట. నీకు నాలుగేళ్లప్పుడు ప్రాణం తీసుకున్నాడు. కడుపునొప్పి తాళలేక అని కాగితం మీద రాయించారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తలేదు.

నోరు విప్పాలా?

అమ్మ వేళ్లు ఇంకా కొంగు మీదే ఉన్నాయి.

తమ్ముడు పెన్నుతో అరచేతి మీద ఏదో రాసుకుంటున్నాడు. రాత్రి రోడ్డు అంచు. భుజం మీద చిన్నోడు. లైట్లు.

చెప్పు.

చెబుతావు. నీలం తలుపు. ఎనిమిది రోజులు. సైకిలు. కొట్టం. చిన్నాయిన పాట, గడ్డపార, కడుపునొప్పి. ఎక్కడా ఆగవు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేవు. డాక్టరమ్మ రాసుకుంటూనే ఉంటుంది. నువ్వు ఆపేసరికి అమ్మ ఏడుస్తోంది, కొంగు వదిలేసింది. తమ్ముడు తలెత్తి నిన్ను చూస్తున్నాడు. నవ్వు లేదు. ఐదు రోజుల్లో మొదటిసారి.

“ఆ తలుపు మీకు యాదికున్నదా అక్కా?” అంటాడు. మీరు అంటున్నాడు నిన్ను, పరాయి మనిషిని అన్నట్టు.

చేర్చుకోవాలంటుంది ఆమె. వాడు ఒప్పుకోడు. అయినా పట్టి కట్టి పడేయడానికి లేదు. తనకో, ఎదుటివాళ్లకో ముప్పు ఉందని వైద్యులు పరీక్షించి నిర్ధారించాలి, రోగి తరఫు మనిషి సంతకం పెట్టాలి, అప్పుడు కూడా ముందు 30 రోజుల వరకే. ఆ తరఫు మనిషివి నువ్వే. సంతకం పెట్టేటప్పుడు చేయి బరువుగా ఉంటుంది. తమ్ముణ్ని అప్పగించినట్టు అనిపిస్తుంది. గంట తర్వాత సూది పని చేసి వాడు పక్కకు ఒరిగి నిద్రపోతాడు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పటిలాగా. మీ ఆయన గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. ఆయనకూ అది మొదటి నిద్ర.

కేసు షీటు నీ చేతికి వస్తుంది. జబ్బు పేరు రాసిన చోట ముందు ఒక ప్రశ్నార్థకం ఉంది. దాని పక్కన బైపోలార్, ఆ రెండు ముఖాల జబ్బు.

“ఇంక డౌటేనా మేడం?”

డౌటే. స్టెరాయిడ్ ఒంట్లోంచి పోవాలి, థైరాయిడ్ రిపోర్టు రావాలి, కొన్నాళ్లు చూడాలి. ప్రశ్నార్థకం పెట్టే డాక్టర్‌ను నమ్మవచ్చని నేనంటాను. జనగామ చీటీలోనో, ఆ మూడో చీటీలోనో ఆ చిన్న గుర్తు ఉండి ఉంటే మీరు మళ్లీ ఆ గడప తొక్కేవారేమో.

లిథియం మొదలుపెడతారు. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియాకు ఇది పనిచేస్తుందని రాశాడు. ఇప్పటికీ దీన్ని మించింది అరుదు. కానీ ఇది కత్తి అంచు మీద నడిచే మందు. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ మధ్య ఉండాలి. తక్కువైతే పనిచేయదు, 1.5 దాటితే విషం. రాత్రి గోలీ వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీస్తారు. నర్సమ్మ నీకు రెండు సంగతులు గట్టిగా చెబుతుంది. ఎండలో చెమట పోసే పనికి పోతే నీళ్లు బాగా తాగాలి. ఒళ్లు నొప్పులని ఊళ్లో డైక్లోఫెనాక్ సూది వేయించుకోకూడదు. ఒంట్లో నీళ్లు తగ్గినా, ఆ సూది పడినా రక్తంలో లిథియం పెరుగుతుంది. మే నెల మానుకోట ఎండలో, సూది లేనిదే వైద్యం కాదనుకునే ఊళ్లో ఇది ఎంత పెద్ద సంగతో నీకు తెలుసు. ఆర్‌ఎంపీ ఇంటికి నువ్వే పోయి చెప్పి రావాలి.

వార్డులో మంచం పక్కన కూర్చుని పిల్లల పాత నోటుబుక్కులో గీతలు గీస్తావు. తేదీ. ఎన్ని గంటలు నిద్రపోయాడు. ఎంత మాట్లాడాడు. ఏం తిన్నాడు. మొదటి వరుస: నిద్ర 11 గంటలు. రెండోది: 9. పక్క పేజీలో పాత సంగతులు రాస్తావు, గుర్తొచ్చినంత వరకు, నీలం తలుపు నుంచి. ఆటో కొన్న నెల. సున్నం వేసిన వారం. చిన్నాయిన పేరు. అమ్మ పక్కనే కూర్చుని తప్పులు దిద్దుతోంది. “ఎనిమిది గాదు, తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు బాయి గిలక గూడ నీలం చేసిండు.”

ఇది చదువుతున్న మీ ఇంట్లో కూడా దిగులు చీటీలు ఉండి ఉంటే, ఒక్క పని చేయండి. ఈసారి డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు బాగున్న రోజులు కూడా కాగితం మీద రాసుకుని పోండి. నిద్ర లేకుండా హుషారుగా తిరిగిన రోజులు, చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెట్టిన రోజులు, మీరంతా నవ్వుకున్న రోజులు. పాత చీటీలు పారేయకండి. ఇంట్లో పేరెత్తని మనిషి ఎవరైనా ఉంటే ఆ పేరు కూడా చెప్పండి. దారి తోచకపోతే 14416.

మూడు వారాల తర్వాత డిశ్చార్జి కాగితం ఇస్తారు. బైపోలార్ ముందు ప్రశ్నార్థకం లేదు. తలుపుకు రంగు వేసినప్పుడు వాడికి 17. ఇప్పుడు 24.